కలిపినప్పుడు ఒక రంగు, ఆరాక మరో రంగు: అక్రిలిక్‌లో గోదావరి సాయంత్రం వేయడం ఎలా?

బొమ్మ ఫొటో ఎప్పుడు పెట్టినా నాకు వచ్చే ప్రశ్నలు మూడే. ఆరాక రంగు ఎందుకు ముదిరిపోయింది? ఆకాశంలో చారలెందుకు పడ్డాయి? అన్నీ మంచి రంగులే కలిపితే బురద ఎందుకు తేలింది? ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసి రాసి చేతులు నొప్పెట్టాయి. అందుకని ఈమధ్య వేసిన ఒక బొమ్మనే మొదటి గీత నుంచి వార్నిష్ దాకా విప్పి చెబుతున్నాను.

బొమ్మ ఇదీ: రాజమహేంద్రవరం పుష్కరఘాట్ వైపు నుంచి సాయంత్రం కనిపించే హేవలాక్ వంతెన. 1900లో తెరిచి, 1997లో రైళ్లు ఆపేసిన పాత వంతెన అది. పొద్దు కొవ్వూరు వైపు దిగుతుంటే రాతి స్తంభాలు, వాటి మీది ఇనుప గడ్డర్లు నల్లగా నిలబడతాయి. కింద నీళ్లు రాగిరేకులా మెరుస్తాయి. మీరు మీ ఊరి చెరువుగట్టు వేసుకున్నా, తాటితోపు వేసుకున్నా పద్ధతి ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. అక్రిలిక్ అంటే ప్లాస్టిక్ జిగురులో కలిపిన రంగు. తడిగా ఉన్నప్పుడు ఆ జిగురు పాలలా తెల్లగా ఉంటుంది, నీరు ఆవిరైపోయాక అద్దంలా తేటపడుతుంది. ఆ తెలుపు పోవడం వల్లే రంగు ముదురుతుంది. ఒకసారి ఆరాక మళ్లీ నీళ్లు పోసినా కరగదు. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి వెళదాం.

కావలసినవి

- కాన్వాస్: 16 × 20 అంగుళాలు, చట్రానికి బిగించి ముందే ప్రైమర్ పూసింది. ఖర్చు ఎక్కువనిపిస్తే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం, లేదా జెస్సో (రంగుకు ముందు వేసే తెల్ల ప్రైమర్) పూసిన ఎండీఎఫ్ చెక్క.
- రంగులు ఆరు: టైటానియం వైట్, అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, క్రిమ్సన్, కాడ్మియం ఎల్లో. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు కొనండి, సగం బొమ్మ దాంతోనే నడుస్తుంది. కాడ్మియం ఎల్లో ఖరీదెక్కువైతే పేరు పక్కన ‘హ్యూ’ అని రాసి ఉన్నది, అంటే చవక రంగులతో అదే ఛాయ తెచ్చినది, తీసుకోండి, నేర్చుకునేవాళ్లకు అది చాలు. నలుపు వద్దు. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.
- బ్రష్‌లు, అన్నీ సింథటిక్‌వి: రెండంగుళాలది ఒకటి, అంగుళం ఫ్లాట్ ఒకటి, 8వ నంబరు ఫ్లాట్, 2వ నంబరు రౌండ్. ఇరవై బ్రష్‌ల సెట్టు కొనే డబ్బుతో ఈ నాలుగూ మంచివి కొనండి.
- జెస్సో, గ్లేజ్ (కింది రంగు కనిపించేలా వేసే పలచటి పూత) కోసం గ్లాస్ మీడియం (మెరుపునిచ్చే, రంగు లేని అక్రిలిక్ జిగురు), చివర్లో అక్రిలిక్ వార్నిష్.
- నీళ్లు చల్లే స్ప్రే సీసా, రెండు నీళ్ల డబ్బాలు, పాత నూలు గుడ్డలు, మాస్కింగ్ టేపు, సుద్దముక్క, స్కేలు, హెయిర్ డ్రయ్యర్.
- తడి ప్యాలెట్, అంటే రంగులు ఆరిపోకుండా ఉంచే పళ్లెం. ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. మూత గట్టిగా పడే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో తడిపిన స్పాంజిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేయండి. రంగులు కాగితం మీద పెట్టుకుంటే మూత వేసి మర్నాడు తీసినా మెత్తగానే ఉంటాయి. ఎండాకాలంలో మామూలు పళ్లెం మీద పిండిన రంగు పది నిమిషాల్లో తోలు కట్టేస్తుంది.

1. కాన్వాస్‌ను నమ్మకండి, పరీక్షించండి

వెనక వేలితో మీటండి. డప్పులా మోగితే సరే. వదులుగా ఉంటే వెనకవైపు కొద్దిగా నీళ్లు చల్లి ఆరబెట్టండి, బిగుసుకుంటుంది. తర్వాత ముందువైపు ఒక్క చుక్క నీరు వేసి చూడండి. చుక్క నిలిస్తే ప్రైమర్ బాగానే ఉంది. ఇంకుడుగుంతలో పడ్డట్టు వెంటనే ఇంకిపోతే జెస్సో ఒకటి రెండు పూతలు మీరే వేయాలి, మొదటిది అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. చివర్లో సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. ముక్కుకు మాస్కు మరిచిపోవద్దు.

హెచ్చరిక: జెస్సో దొరకలేదని గోడలకూ తలుపులకూ వేసే ఆయిల్ ప్రైమర్ పూయకండి. నూనె పొర మీద అక్రిలిక్ పట్టు దొరకబుచ్చుకోదు. ఏడాది తిరిగేసరికి పెచ్చులు లేస్తాయి.

2. బొమ్మ కాన్వాస్ మీద మొదలవదు

చిన్న కాగితం మీద 2 × 2.5 అంగుళాల గళ్లు మూడు గీసి, వాటిలో మూడు రకాలుగా అమర్చి చూడండి. ఆకాశం ఎంత, నీళ్లు ఎంత, వంతెన ఎక్కడ? మూడే మూడు ఛాయలు: ముదురు, మధ్యరకం, లేత. నేను పక్కనున్న ఆర్చి వంతెనను కావాలనే వదిలేశాను. రెండు వంతెనలూ పెడితే చూపు ఎటూ నిలవలేదు. వదిలేసినందుకు ఊళ్లోవాళ్లు అడిగారు కూడా, ఆ కొత్త బ్రిడ్జి ఏదండీ అని.

ఆధారానికి మీరు తీసిన ఫొటోనే వాడండి. నెట్‌లో దొరికిన ఎవరి ఫొటోనో దింపి ‘ఒరిజినల్’ అని అమ్మకానికి పెట్టకండి. ఫొటో మీద హక్కు తీసినవాళ్లది. పైగా ఘాట్ మెట్ల మీద అరగంట కూర్చుంటే ఫొటోలో పడని రంగులు కంటికి కనిపిస్తాయి. ఫోన్ కెమెరా పొద్దు చుట్టూ అంతా తెల్లగా కొట్టేస్తుంది, స్తంభాలను గుడ్డి నలుపు చేస్తుంది. అసలు ఆ నీడలో ఊదా ఉంటుంది. అది అక్కడికక్కడే కాగితం మీద రాసుకోండి.

ఫొటోను 8 × 10 సైజులో అచ్చు వేయించి రెండేసి అంగుళాల గళ్లు గీయండి. కాన్వాస్ మీద నాలుగేసి అంగుళాల గళ్లు. రెండింటిలోనూ ఇరవై గళ్లే వస్తాయి, ఏ గడిలోది ఆ గడిలో దింపుకోవడమే. గీత సుద్దతో గీస్తే తడిగుడ్డకు పోతుంది. పెన్సిల్‌తో గట్టిగా గీస్తే లేత పసుపు కింద నుంచి నల్లగా తొంగి చూస్తుంది.

సరిచూసుకోండి: నీళ్లు ఆకాశాన్ని కలిసే గీత కాన్వాస్ అడుగు నుంచి రెండు చివర్లా ఒకే ఎత్తులో ఉందా? స్కేలు పెట్టి కొలవండి. పావు అంగుళం వాలినా గోదావరి ఒకవైపు ఒలికిపోతున్నట్టు ఉంటుంది.

3. నేలరంగు

తెల్ల కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ముదురుగానే కనిపించి కంటిని మోసం చేస్తుంది. అందుకని ఎల్లో ఓకర్, కాస్త బర్న్‌ట్ సియెన్నా కలిపి పలచగా మొత్తం పూయండి. తర్వాత పొరల మధ్య సందులు మిగిలినా తెల్ల చుక్కలకు బదులు వెచ్చటి మట్టిరంగు కనిపిస్తుంది. సాయంత్రం బొమ్మకు అది ఉచితంగా దొరికిన వెలుగు.

పలచన అన్నానని నీళ్లు కుమ్మరించకండి. రంగుకు సగం కంటే ఎక్కువ నీరు కలిపితే జిగురు చాలక, ఆరాక వేలితో రుద్దితే పొడి రాలుతుంది. ఇంకా పలచన కావాలంటే నీళ్లకు బదులు మీడియం కలపండి. ఆరాక తడి గుడ్డతో ఒక మూల తుడిచి చూడండి. గుడ్డకు రంగు అంటకూడదు.

4. ఆకాశం: ఎక్కువ మంది ఇక్కడే చేతులెత్తేస్తారు

ముందు రంగులు కలుపుకోండి, బ్రష్ తర్వాత. మూడు ముద్దలు కావాలి. అడుగున పొద్దు దగ్గరికి తెలుపు, కాడ్మియం ఎల్లో, చిటికెడు క్రిమ్సన్. నడుమకు తెలుపులో క్రిమ్సన్, ఎల్లో ఓకర్ కలిపిన గులాబి ఛాయ. పైకి తెలుపు, అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా కొంచెం. నడిమి రంగు ఎందుకంటే, పసుపును నేరుగా నీలంలోకి లాగితే ఆకాశం ఆకుపచ్చగా మారుతుంది. గులాబి ఆ రెండింటినీ కలవనివ్వదు.

ప్రతి ముద్దా మీకు చాలుతుందనుకున్న దానికి రెట్టింపు కలపండి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు కలపడం దేవుడి తరం కూడా కాదు, ఎందుకంటే మీరు పోల్చేది ఆరిన రంగుతో, కలిపేది తడి రంగును. అందుకే ముందుగా అట్టముక్క మీద ఒక్కో రంగు గీత గీసి, డ్రయ్యర్‌తో ఆరబెట్టి చూడండి. ముదిరిందనిపిస్తే ముద్దలో తెలుపు పెంచండి. మొదటి ప్రశ్నకు జవాబు ఈ అట్టముక్కే.

ఇప్పుడు ఫ్యాను ఆపండి. మే నెలలో ఇది శిక్షే, అయినా ఆపాలి. కుదిరితే పొద్దున్నే ఆరింటికి, లేదంటే రాత్రి వేయండి. కాన్వాస్ మీద నీళ్లు ఒకసారి తుంపరగా చల్లి, రెండంగుళాల బ్రష్‌తో మూడు పట్టీలూ వెంటవెంటనే వేసి, శుభ్రమైన తడి బ్రష్‌తో పట్టీలు కలిసేచోట అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు నడపండి. మీ చేతిలో ఉన్నది రెండు మూడు నిమిషాలు.

తర్వాత ఒక క్షణం వస్తుంది, జాగ్రత్తగా గమనించండి. అప్పటిదాకా జారిన బ్రష్ చిన్నగా పట్టేస్తుంది. రంగు మెరుపు పోయి మసకబారుతుంది. అక్కడే ఆపాలి. కానీ కంటికి ఒక చార కనిపిస్తుంది, చెయ్యి ఊరుకోదు, ‘ఒక్కసారి’ అని సవరించబోతాం. పాల మీద కట్టిన మీగడను వేలితో నెట్టినట్టు పొర ముడతపడి చిరుగుతుంది, కింది మట్టిరంగు బయటపడుతుంది, చిరిగిన అంచులు ఉండలు కడతాయి. ఇక ఎంత దిద్దితే అంత పాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది అక్రిలిక్ వాళ్లకే చెప్పారనిపిస్తుంది నాకు. మూడు ప్రశ్నల్లో రెండింటికి, చారలకూ బురదకూ, ఎక్కువసార్లు కారణం ఈ సగం ఆరిన రంగును కెలకడమే.

మరి ఆ చార? ఉండనివ్వండి. పూర్తిగా ఆరాక అవే ముద్దలతో రెండో పూత వేయండి. మొదటి పూతలో ఆకాశం బాగా రావాలని ఎవరూ ఆశించరు. నా బొమ్మలో ఆకాశం మూడు పూతలు.

ప్రత్యామ్నాయం: ఆరడం నెమ్మదించడానికి రిటార్డర్ అమ్ముతారు. సీసా మీద రాసిన పాళ్లు దాటకండి. ఎక్కువైతే వారమైనా జిడ్డు వదలదు, గాలిలో దుమ్మంతా దాని మీదే.

5. నీళ్లు

ఆకాశానికి కలిపిన ముద్దలే వాడండి, ఒక్కోదానికి కొంచెం అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా చేర్చి ఒక ఛాయ ముదురు చేసి. వరస తిరగబడుతుంది: లేత పసుపు దూరాన గీత దగ్గర, ముదురు నీలం మన కాళ్ల దగ్గర. బ్రష్ అడ్డంగానే కదలాలి. దూరంగా ఉన్న అలలు సన్నగా దగ్గర దగ్గరగా, దగ్గరివి వెడల్పుగా ఎడంగా. ఇక్కడ చారలు పడినా పరవాలేదు, నీళ్లకు చారలు అందమే.

6. వంతెన

ఆకాశం ఆరాక కనీసం ఒక రోజు ఆగండి. టేపు అంటిస్తాం కనుక, తొందరపడితే టేపుతోపాటు ఆకాశం ఊడొస్తుంది.

నలుపు వద్దన్నాను కదా. అల్ట్రామెరైన్ రెండు పాళ్లు, బర్న్‌ట్ సియెన్నా ఒక పాలు కలపండి, చూడ్డానికి నలుపే, కానీ ఊపిరున్న నలుపు. ట్యూబులో నలుపు సాయంత్రపు ఆకాశం ముందు కాన్వాస్‌కు పడ్డ చిల్లులా ఉంటుంది. కలిపినదాంట్లో చిటికెడు తెలుపు వేసి చూస్తే అది నీలం వైపు మొగ్గుతోందో గోధుమ వైపో తెలుస్తుంది. దగ్గరి స్తంభాలకు గోధుమ వైపు, దూరం వెళ్లేకొద్దీ నీలం, తెలుపు పెంచుతూ పొండి. చివరి స్తంభాలు దాదాపు ఆకాశంలో కలిసిపోవాలి. దూరం చూపించేది సైజు ఒక్కటే కాదు, ఈ పాలిపోవడం కూడా.

గడ్డర్ల గీత తిన్నగా రావాలంటే టేపు అంటించి, టేపు అంచు మీద ముందు ఆకాశం రంగే ఒకసారి పూయండి. సందుల్లోంచి కారేదేదో ఆకాశం రంగే కారుతుంది, కనపడదు. అది ఆరాక ముదురు రంగు వేసి, పూర్తిగా గట్టిపడకముందే టేపును వాలుగా లాగండి. ఇంత శ్రమా అనుకుంటే చేత్తోనే గీయండి. కొద్దిగా వణికిన గీతే నాకు ఎక్కువ నచ్చుతుంది.

స్తంభాల ప్రతిబింబాలు నీళ్లలో ఎటో వాలవు, నిట్టనిలువుగా కిందికే దిగుతాయి. ఒడ్డున పొద్దుకు ఎదురుగా పడే నీడకీ, నీళ్లలో ప్రతిబింబానికీ తేడా తెలియక చాలామంది ఏటవాలుగా గీసేస్తారు. నిలువుగా వేసి, తడి ఆరకముందే పొడి బ్రష్‌తో అడ్డంగా రెండు మూడు చోట్ల విరగ్గొట్టండి.

7. గ్లేజ్

అన్నీ ఆరాక బొమ్మ ముక్కలు ముక్కలుగా, ఆకాశం వేరు నీళ్లు వేరు అన్నట్టు కనిపించవచ్చు. గ్లాస్ మీడియం ఒక చెంచాలో బఠాణీగింజంత నారింజ, అంటే కాడ్మియం ఎల్లో, క్రిమ్సన్ కలిపి, పొద్దు చుట్టూ, దాని కింద నీళ్ల మీద, ఆ చుట్టుపక్కల స్తంభాల అంచుల మీద పలచగా పూయండి. తేనెలో ముంచినట్టు మూడూ ఒక వెలుగులోకి వస్తాయి. నచ్చకపోతే ఆరకముందే తడిగుడ్డతో తుడిచేయండి. నీళ్లతో పలచన చేసిన రంగు ఈ పని చేయదు, మడుగులు కట్టి అంచుల దగ్గర మరకలవుతుంది.

8. మెరుపులు, సంతకం

తెలుపులో పసుపు కొద్దిగా. చిక్కగా, నీళ్లు లేకుండా. 2వ నంబరు బ్రష్‌తో నీళ్ల మీద పొద్దు కింద చిన్న చిన్న అడ్డగీతలు. నేను లెక్కపెట్టుకుని పద్దెనిమిది వేశాను, మర్నాడు ఏడు చెరిపేశాను. 1967లో బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఈతకొలను బొమ్మను అక్రిలిక్‌లోనే వేసినప్పుడు చాలా భాగాన్ని రోలర్‌తో చదునుగా పూసి, ఎగసిపడ్డ నీటి తుంపరలకే సన్న బ్రష్‌లతో రెండు వారాలు పట్టించాడు. మనకు రెండు వారాలు అక్కర్లేదు గానీ, ఐదు నిమిషాల్లో చుక్కలు చల్లేసే పని మాత్రం కాదు.

సంతకం వార్నిష్‌కు ముందే. తేదీ, వాడిన రంగుల పేర్లు వెనక చట్రం చెక్క మీద రాయండి, గుడ్డ మీద వద్దు.

9. అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫోన్‌తో ఫొటో తీసి నలుపుతెలుపులోకి మార్చండి. వంతెన, నీళ్లు, ఆకాశం మూడు వేర్వేరు ఛాయల్లో విడిపోవాలి. రెండు కలిసిపోయి బూడిదగా కనిపిస్తే రంగు మారిస్తే లాభం లేదు, ఒకదాన్ని ముదురో లేతో చేయాలి. తర్వాత బొమ్మను అద్దంలో చూడండి, వంకరలన్నీ ఎదురొస్తాయి. పది అడుగుల దూరం నుంచి చూడండి. పొద్దు ఉన్నచోట కాక చూపు మరోచోట ఆగుతుంటే, అక్కడ అనవసరపు వివరం ఏదో వేశారని అర్థం.

10. వార్నిష్

చేతికి ఆరినట్టున్నా లోపల ఆరదు. పలచటి పొరలకు రెండు వారాలు, చిక్కగా వేస్తే నెల ఆగండి. ముందు గ్లాస్ మీడియం నీళ్లతో కొంచెం పలచన చేసి ఒక పూత వేస్తే, ఎప్పుడైనా పాత వార్నిష్ తీసేయాల్సొచ్చినా రంగు జోలికి రాదు. వార్నిష్ రెండు పలచటి పూతలు, బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి. సీసాను గిలక్కొట్టకండి, బుడగలొస్తాయి. ముసురు పట్టిన రోజున అసలు ముట్టుకోవద్దు, తేమకు పొర తెల్లగా మబ్బేస్తుంది. చెక్క సామాన్లకు వేసే పాలిష్ వాడొద్దు, పసుపెక్కుతుంది.

ఇంకా అడిగే కొన్ని

బురద తేలింది, ఏం చేయాలి? ఆరనిచ్చి, దాని మీద ఒపేక్‌గా, అంటే కిందిది కనపడనంత చిక్కగా, మళ్లీ వేయండి. ఇకముందు ఒక ముద్దలో తెలుపు కాక మూడు నాలుగు రంగులు దాటనివ్వకండి. బ్రష్ కడిగే నీళ్లు ఒక డబ్బా, రంగులో కలిపే నీళ్లు ఇంకో డబ్బా. ఈ చిన్న అలవాటు సగం బురదను ఆపుతుంది.

రంగు సున్నం కొట్టినట్టు పాలిపోయింది? ప్రతిదాన్నీ తెలుపుతోనే లేత చేస్తున్నారు. వెచ్చటి చోట తెలుపు తగ్గించి పసుపుతో లేత చేయండి.

ఆయిల్ రంగు కలపొచ్చా? ఆరిన అక్రిలిక్ మీద ఆయిల్ వేయవచ్చు. ఆయిల్ మీద అక్రిలిక్ వేయకూడదు. మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) కాలానికి ఈ చిక్కు లేదు, నీళ్లతో కలిపే అక్రిలిక్ బజారుకొచ్చిందే 1950ల మధ్యలో.

బ్రష్ ఎండిపోయింది? స్పిరిట్‌లో గంటసేపు నానబెట్టి, సబ్బుతో మెల్లగా పిసకండి. కొంత వదులుతుంది, కొత్తదానిలా మాత్రం అవ్వదు. బ్రష్ కడిగిన నీళ్లు సింకులో పోయకండి. ఒక రాత్రి ఉంచితే రంగు చాలావరకు అడుగున దిగుతుంది. పైనీళ్లు పాత గుడ్డతో వడగట్టి వంపి, మిగిలిన మడ్డి ఎండాక చెత్తలో వేయండి.

బొమ్మ ఎవరికైనా పంపాలంటే? నేను ఓసారి ఎండాకాలంలో నేరుగా బబుల్ ర్యాప్ చుట్టి హైదరాబాద్ బస్సెక్కించాను. విప్పేసరికి ఆకాశం నిండా వరస తప్పకుండా గుండ్రటి మచ్చలు. వేడికి అక్రిలిక్ మెత్తబడుతుంది, దేన్ని ఆనుకుంటే దాని అచ్చు తీసుకుంటుంది. తప్పు నాదే. ముందు కేక్ ట్రేలలో వేసే, అంటుకోని సిలికాన్ బేకింగ్ పేపర్ కప్పండి, దాని మీద అట్ట, ఆ పైన బబుల్ ర్యాప్, బుడగలు బయటివైపుకు తిప్పి. ఇంట్లో దాచేటప్పుడు కూడా రెండు బొమ్మలను ముఖాముఖి ఆనించి పెట్టకండి.